బొమ్మలో పిట్టకి 1 యూరో, తాలింపు వాసనకి 60

ముందే చెప్తున్నా, ఇది ఒళ్ళు మండి రాస్తున్నది. జర్మనీ పల్లెల్లో హాలిడే ఫ్లాట్ తీసుకునే మనవాళ్ళు ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి. పిట్ట విషయంలో మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అసలు పిట్ట గొడవ మొదలుపెట్టింది మా మామయ్యగారు. పల్నాడులో మిర్చి, పత్తి వేసే మనిషి, మ్యూనిక్‌లో మా మూడో అంతస్తు ఫ్లాట్‌లో కూర్చుని కూర్చుని విసిగిపోయి ఉన్నారు. ఆల్టె పినాకొటెక్ మ్యూజియంలో ఆదివారం టికెట్ మనిషికి 1 యూరోనే, అందుకని తీసుకెళ్ళాం (సోమవారం మూత, గుర్తుంచుకోండి). రూబెన్స్ బొమ్మల హాల్లో "ఇంతమందికి ఒంటి మీద బట్టల్లేవేంటి బాబూ" అని ఒక్క మాట అని ముందుకు నడిచారు. డ్యూరర్ 1500లో వేసుకున్న సొంత బొమ్మ దగ్గర జనం, ఆయన అక్కడా ఆగలేదు. ఆగింది యాకొపో దె బార్బరి 1504లో వేసిన చిన్న పలక దగ్గర. అర మీటరు ఎత్తు ఉంటుందంతే. చెక్క గోడకి వేలాడదీసిన చచ్చిన పిట్ట, ఒక జత ఇనుప చేతితొడుగులు, ఒక బాణం. కింద మూలన మడతలు పడ్డ కాగితం ముక్క మీద చిత్రకారుడి పేరు, సంవత్సరం. ఆ కాగితం కూడా బొమ్మే! ఎవరో అంటించి పోయారనుకుని మామయ్యగారు వేలు దగ్గరికి తీసుకెళ్ళేసరికి గార్డు గట్టిగా కసిరింది. ఐరోపాలో మనకి మిగిలిన తొలి స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల బొమ్మ) చిత్రాల్లో దీన్ని ఒకటిగా లెక్కపెడతారు. నాకు తెలిసి ఆ మ్యూజియంలో 1 యూరోకి దీన్ని మించిన బేరం లేదు.

"ఇది కౌజు కదూ?" అన్నారు. కాదు గానీ దగ్గర చుట్టమే. జర్మన్లు రెబ్‌హూన్ అంటారు, ఇంగ్లీషులో గ్రే పార్ట్రిడ్జ్. మన కౌజుని కూడా పాత ఇంగ్లీషు పక్షుల పుస్తకాల్లో గ్రే పార్ట్రిడ్జ్ అనే రాసేవారు కాబట్టి ఆయన మరీ దూరం పోలేదు. ఇంటికొచ్చాక ఫోన్లో ఇంకొన్ని బొమ్మలు చూపించాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ష్టేడల్ మ్యూజియంలో ఫ్రెంచి చిత్రకారుడు షార్దాఁ 1748లో వేసిన పిట్ట, పియర్ పండు కూడా చూశారు. మళ్ళీ చచ్చిన పిట్టే. "అన్నీ చంపి వేలాడదీసినవేనా? బతికున్నది ఎక్కడుంటుంది?" అని అడిగారు. ఆ ప్రశ్నే మమ్మల్ని బవేరియా ఉత్తరాన ఉన్న ఫ్రాంకోనియా ప్రాంతానికి తీసుకెళ్ళింది.

మార్చి మధ్యలో వారాంతం చూసుకుని అక్కడి ఓక్సెన్‌ఫుర్ట్ అనే చిన్న పట్నానికి బయల్దేరాం. మాకు డాయిచ్‌లాండ్ టికెట్ అనే దేశమంతా చెల్లే నెల పాస్ ఉంది (అప్పట్లో నెలకి 58 యూరోలు), మామయ్యగారికీ ఒకటి తీసుకున్నాం. అది నెలనెలా ఆటోమేటిక్‌గా డబ్బు లాగే చందా, ఆపాలంటే 10వ తారీఖు లోపే రద్దు చేయాలి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి తీసే వాళ్ళందరూ ఇది రాసిపెట్టుకోండి. ఆ టికెట్‌తో లోకల్ రైళ్ళే ఎక్కాలి, ట్రాయిష్ట్‌లింగెన్ మీదుగా వెళ్ళాం, ఏ ఇబ్బందీ లేదు. స్టేషన్ నుంచి మేం ఫ్లాట్ తీసుకున్న పల్లెకి మాత్రం శనివారం బస్సు దొరక్క టాక్సీకి 28 యూరోలు.

ఇక ఆ ఫ్లాట్. రాత్రికి 78 యూరోలు అన్నాడు ఓనరు ఫోన్లో. సరే అన్నాం. దిగాక చేతిలో ఒక కాగితం పెట్టాడు: చివరి శుభ్రతకి 45, దుప్పట్లు తువ్వాళ్ళకి మనిషికి 9, డిపాజిట్ 150 నగదుగా. కార్డు తీసుకోడు. మా ఆవిడ ముఖం అప్పుడే మాడింది. హీటర్ 19 దగ్గర ఆగిపోయి ఉంది, తిప్పితే తిరగదు. మామయ్యగారు గదిలో కూడా మంకీ క్యాప్ తీయలేదు. సోఫా మీద "కూర్చోవచ్చు, పడుకోరాదు" అని జర్మన్‌లో అట్టముక్క. నేను చెప్పేది నిజం, ఫోటో ఉంది.

ఆ రాత్రి మామయ్యగారికి నోరు చప్పబడిందని మా ఆవిడ పప్పుచారు పెట్టింది. ఎండుమిర్చి, ఆవాలు నూనెలో పడ్డ అర నిమిషానికి స్మోక్ అలారం కూసింది. కిటికీలన్నీ తెరిచి కుర్చీ ఎక్కి అలారం కింద టవల్ ఊపుతుంటే కింద నుంచి ఓనరు వచ్చి, గుమ్మంలో నిలబడి, మూడుసార్లు గాలి పీల్చి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఖాళీ చేసే రోజు డిపాజిట్‌లో 60 కోశాడు. "వాసన" అన్నాడు. ఏ వాసన అంటే పరదాలు ముట్టుకుని చూపించాడు. వంటిల్లు ఉన్న ఫ్లాట్ అని అద్దెకిచ్చి వంట వాసనకి జరిమానా ఏమిటండీ! శుభ్రతకి 45 ఎలాగూ తీసుకున్నాడు కదా అని అడిగితే అది వేరు, ఇది వేరు. రసీదు అడిగాను, మెయిల్లో పంపుతానన్నాడు. మామయ్యగారు తెలుగులోనే నాలుగు మాటలు అన్నారు, వాడికి భావం అందే ఉంటుంది.

పొలాల సంగతికి వస్తా. ఓక్సెన్‌ఫుర్ట్ పైన మెట్ట అంతా గాలి తెచ్చి పోసిన మెత్తటి మట్టి, గోధుమ, చక్కెర దుంప పండే నేల, ఓక్సెన్‌ఫుర్ట్‌లోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ. మామయ్యగారు వంగి గుప్పెడు మట్టి తీసి, వేళ్ళ మధ్య నలిపి, నాలిక చివర పెట్టి చూసి "ఇంత నేల ఉంచుకుని గట్టు ఒక్కటీ లేదేంటి?" అన్నారు. నిజమే, కనుచూపు మేర గట్టు లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చిన్న కమతాలన్నీ కలిపి పెద్ద మళ్ళు చేశారు, యంత్రాలకి అడ్డమని గట్లూ పొదలూ చాలా చోట్ల పోయాయి. ఈ పిట్ట గూడు కట్టేది నేల మీద, గట్టు గడ్డిలో. ఒక్కో పెట్ట 10 నుంచి 20 గుడ్ల దాకా పెడుతుంది, పాతిక రోజులు పొదుగుతుంది. పిల్లలు మొదటి వారాల్లో పురుగులే తినాలి. కలుపు మందు కొడితే కలుపు పోతుంది, దాని మీద బతికే పురుగూ పోతుంది, ఆ తర్వాత పిల్లా పోతుంది. 1991లోనే జర్మనీ పక్షి సంరక్షణ సంఘాలు దీన్ని ఆ ఏటి పక్షిగా ప్రకటించాయి, అయినా తగ్గడం ఆగలేదు. విచిత్రం ఏమిటంటే జర్మన్ వేట చట్టంలో ఇది ఇప్పటికీ వేటాడదగిన పక్షుల జాబితాలోనే ఉంది.

దారిలో బైనాక్యులర్స్ పెట్టుకున్న ఒక ముసలాయన కలిశాడు, అక్కడి వేటగాడే, కానీ ఈ పిట్టని కాల్చడం మానేసి లెక్కపెడుతున్నాడట. పూలమొక్కలు చల్లి వదిలేసిన వెడల్పాటి పట్టీ చూపించి, దారి దిగకుండా ఇక్కడే నిలబడండి అన్నాడు. పట్టీ సన్నగా ఉంటే నక్క ఒక పక్క నుంచి వాసన పట్టుకుంటూ పోయి గూళ్ళన్నీ తినేస్తుందట, అందుకే ఆ వెడల్పు. మా మొత్తం ప్రయాణంలో డబ్బు అడగకుండా మాట్లాడిన మనిషి ఈయనొక్కడే.

సూర్యుడు దిగాక చలికి ముక్కులు మొద్దుబారాయి, మా ఆవిడ వెళ్దాం అని గొణుగుతోంది. అప్పుడు కూసింది. తుప్పు పట్టిన తలుపు బందు తీసినట్టు "కిర్ర్‌రిక్". మన కౌజు ఊరంతా వినపడేలా అరుస్తుంది, ఇది అంత గొంతు చేసుకోదు. ఇంకో వైపు నుంచి జవాబు వచ్చింది. జానెడు కూడా లేని గోధుమ మీద ఒక జంట పరిగెత్తింది, మెడలు నిక్కించి ఆగింది, బైనాక్యులర్స్‌లో మగదాని నారింజ ముఖం, పొట్ట మీద గుర్రపు నాడా ఆకారంలో గోధుమరంగు మచ్చ స్పష్టంగా కనపడ్డాయి. తర్వాత రెండూ గుయ్యిమని నేలకి ఆనుకుని ఎగిరిపోయాయి. మామయ్యగారు ఉచ్చు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పారు గానీ అది ఇక్కడ రాయను, చిన్నప్పటి లెక్కలు అవి, మన దగ్గరా ఇప్పుడు నేరమే.

తిండి ఒక్కటే అనుకోని లాభం. ఊరి గాస్ట్‌హౌస్‌లో (పైన గదులుండే భోజనశాల) రాత్రి 8కి వంటిల్లు కట్టేస్తారు, 7:30కే కూర్చోండి. పంది మాంసం తినని మామయ్యగారికి ఏం చెప్పాలా అని చూస్తుంటే కార్ప్ చేప ఉందన్నారు. తెచ్చేసరికి మన బంగారుతీగే! నిలువునా సగానికి కోసి, పిండి అద్ది, రెక్కలు కరకరలాడేలా నూనెలో వేయించి, పక్కన బంగాళాదుంప సలాడ్. 17.80 యూరోలు. ముళ్ళు తీయడంలో ఆయన స్పీడు చూసి వడ్డించే అమ్మాయి ఆగి మరీ చూసింది. కారం లేదన్న లోటు మా ఆవిడ పర్సులోంచి తీసిన పచ్చడి సీసా తీర్చింది. ఈ చేప సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకానే దొరుకుతుంది.

వెళ్తే ఫిబ్రవరి చివర నుంచి మార్చి మధ్యే వెళ్ళండి, ఏప్రిల్ దాటితే పైరు పెరిగి పిట్ట కనపడదు. ఉండటానికి ఫ్లాట్ వద్దు, గాస్ట్‌హౌస్ పైగదులే అడగండి, మేం తిన్నచోట ఇద్దరికి టిఫిన్‌తో కలిపి 84 అన్నారు. ఫ్లాటే కావాలంటే శుభ్రత, దుప్పట్లు, డిపాజిట్, వంట, ఈ నాలుగూ రాతపూర్వకంగా తెప్పించుకోండి. మా 60 యూరోల రసీదు ఇంకా రాలేదు. మెయిల్ మళ్ళీ పెట్టాను, ఈసారి సోఫా మీది అట్టముక్క ఫోటో కూడా జతచేసి.