గేటు లేస్తుంటే నీటి లెక్క: కదిలే మెష్ మేలా, కదలని మెష్ మేలా?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ ప్రాంతంలో వానాకాలం వస్తే నీటి హద్దు ఒకచోట ఉండదు. మేడిగడ్డ బ్యారేజీకి 85 గేట్లు. ఏ గేటు లేచినా దిగినా నీటి దారి మారుతుంది. ప్రాణహిత, గోదావరి కలిసి పొంగితే ఒడ్డే పొలాల్లోకి జరుగుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడి ఇంజినీరింగ్ దాకా వచ్చిన మా గడ్చిరోలి పిల్లలు ప్రాజెక్టుకి ఈ ప్రవాహాన్నే తీసుకుంటామంటే నాకెంతో సంతోషం. వాళ్ళ మొదటి టెన్షన్ సాఫ్ట్‌వేర్ గురించి. దానికంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: గేటు కదిలినప్పుడు మెష్ (కంప్యూటర్ లెక్క కోసం నీటిని సెల్స్ అనే చిన్న గడులుగా విడగొట్టే వల) కూడా కదలాలా, వద్దా?

కదిలించే పద్ధతిని ఏఎల్ఈ (ఆర్బిట్రరీ లగ్రాంజియన్-యులేరియన్) అంటారు. హర్ట్, ఆమ్స్‌డెన్, కుక్ 1974లో దీన్ని ప్రచురించారు. ఇందులో సెల్స్ గేటును అంటిపెట్టుకునే ఉంటాయి కాబట్టి గోడ పక్కన పలుచని పొరలు పేర్చుకోవచ్చు. గేటు మీద పీడనం, అడుగు అంచు దగ్గర వేగం నమ్మకంగా వస్తాయి. కొద్దిగా తెరిచిన గేటు ప్రవాహానికి వణుకుతుందా అని చూడాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

చిక్కు ఎక్కడంటే, గేటు సిల్ (కింది గడప) మీద పూర్తిగా కూర్చుంటే మధ్యలో సెల్స్‌కి చోటే లేదు. సన్నని సందు వదిలి మొదలుపెట్టాలి. గేటు లేచేకొద్దీ సెల్స్ సాగి, వంకర తిరిగి, చివరికి ఏదో ఒక సెల్ ఘనపరిమాణం నెగటివ్ అయి లెక్క ఆగిపోతుంది. అలా కాకుండా మధ్యలో మళ్ళీ మెష్ వేస్తే పాత విలువల్ని కొత్తదాని మీదికి మార్చాలి, మార్చిన ప్రతిసారీ కొంత తప్పు చేరుతుంది. ఇంకొకటి, మెష్ కదిలినంత మాత్రాన లెక్కలో లేని నీరు పుట్టకూడదు. థామస్, లొంబార్డ్ 1979లో ఈ నియమం మీద రాశారు. పరీక్ష సులువు: ఒకే వేగంతో పోతున్న నీటిలో గేటు లేకుండా మెష్‌ని మాత్రమే కదపండి. వేగం ఎక్కడ మారినా కోడ్‌లో లోపం ఉన్నట్టే. ఈ పరీక్ష చేయకుండా ముందుకు వెళ్ళొద్దు.

మెష్‌ని కదపకుండా, గేటు ఉన్న చోట నీటి మీద బలం పెట్టి అడ్డును చూపించేది ఇమ్మర్స్‌డ్ బౌండరీ. చార్లెస్ పెస్కిన్ 1972లో గుండె కవాటాల దగ్గర రక్త ప్రవాహం కోసం తెచ్చిన పద్ధతి ఇది. కవాటం పూర్తిగా మూసుకుని తెరుచుకుంటుంది, మన గేటూ అంతే. మూసిన దగ్గర్నుంచి పూర్తిగా లేచేదాకా లెక్కించాలంటే ఇదే మేలు. కానీ గేటు జరిగినప్పుడు నిన్నటిదాకా ఇనుములో ఉన్న సెల్ ఇప్పుడు నీటిలోకి వస్తుంది, దానికి పాత వేగం అంటూ ఉండదు. అక్కడ పీడనం ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది. అందుకే గేటు మీద బలం గ్రాఫ్‌లో ముళ్ళలాంటి శిఖరాలు కనిపిస్తే నిజమని నమ్మకండి. గేటు అంచు వెంబడి సెల్స్‌ని కోసే కట్-సెల్ పద్ధతి ద్రవ్యరాశిని కాపాడి దీన్ని చాలావరకు తగ్గిస్తుంది. గోడ దగ్గర పలుచని పొర కావాలంటే మాత్రం ఖర్చు పెరుగుతుంది: త్రీడీలో సెల్ కొలత సగం చేస్తే సెల్స్ 8 రెట్లు, టైమ్ స్టెప్ కూడా సగమైతే పని 16 రెట్లు.

వీఓఎఫ్‌ని (వాల్యూమ్ ఆఫ్ ఫ్లూయిడ్) కొందరు వీటికి పోటీగా చూస్తారు. అది నీటి పైమట్టాన్ని పట్టుకునే పద్ధతి (హర్ట్, నికోల్స్, 1981). పై రెండింటిలో దేనితోనైనా కలిపి వాడుకోవచ్చు.

1977లో ఖగోళశాస్త్రం కోసం పుట్టిన ఎస్‌పీహెచ్‌లో (స్మూత్డ్ పార్టికల్ హైడ్రోడైనమిక్స్) మెష్ ఉండదు, కణాలే. నీరు ఎగిరి చిమ్మేచోట చాలా బాగుంటుంది. అయితే 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల లోతు నీటిని 10 సెంటీమీటర్ల ఎడంతో నింపితే 5 కోట్ల కణాలు. కాలేజీ కంప్యూటర్‌తో అయ్యే పని కాదు.

పొలాల్లోకి వచ్చే వరదే మీ ప్రశ్న అయితే వీటిలో ఏదీ వద్దు. లోతు మీద సగటు తీసిన షాలో వాటర్ సమీకరణాలు చాలు. 100 చదరపు కిలోమీటర్లకు 10 మీటర్ల సెల్స్ వేస్తే 10 లక్షలే. తడిసిన సెల్, ఆరిన సెల్ మధ్య హద్దు ఎలా జరుగుతోందో చూసుకుంటే రైతుకు కావాల్సిన జవాబు అక్కడే దొరుకుతుంది.

2023 అక్టోబరులో మేడిగడ్డలో పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగాయి కదా, దాన్నీ ఇందులోనే చూపిద్దామని పిల్లలు అడుగుతారు. పునాది కింద ఇసుకలో నీరు నడిచే తీరుకు సమీకరణాలే వేరు. దాన్ని విడి ప్రాజెక్టుగా చేయండి.

గేటు ప్రాజెక్టు తీసుకున్నవాళ్ళు ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, టూడీలో, ఒక్క గేటుతో మొదలుపెట్టండి. దానికంటే ముందు రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహ జడత్వానికీ జిగటకూ నిష్పత్తి) 100 దగ్గర కదలని సిలిండర్ వెనక సుడులు లెక్కించండి. స్ట్రౌహల్ సంఖ్య (సుడులు ఎంత తరచుగా విడిపోతాయో చెప్పే కొలత) 0.16, 0.17 మధ్య రాకపోతే గేటు జోలికి వెళ్ళకండి.