జాగ్రత్త: ఇద్దరికీ నచ్చిన ఓడ కదా అని ఆరుగురికి టికెట్లు కొనేయకండి

"ఆ ఓడ మాకు తెలిసిందేలే" అన్న మాట మీ నోట వచ్చిందంటే ఆ రోజుకు బుకింగ్ ఆపేయండి. ఆ మాట అని, ట్రావెల్స్ వాళ్లకు అడ్వాన్సు కట్టి, తిరిగొచ్చాక నెల రోజులుగా వాళ్లతో వాదులాడుతున్నదాన్ని నేను. మూడేళ్ల తేడాతో ఒకే క్రూయిజ్ ఓడ రెండుసార్లు ఎక్కాం. దారి కూడా అదే. సింగపూర్‌లో ఎక్కడం, పెనాంగ్, ఫుకెట్ చూడటం, నాలుగు రాత్రుల తర్వాత మళ్లీ సింగపూర్‌లో దిగడం. మొదటిసారి పెళ్లయి పదేళ్లయిందని నేనూ మా వారూ వెళ్లాం. అప్పటికి ఆరేళ్ల బాబును మా అమ్మ దగ్గర వదిలాం. రెండోసారి మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, రెండున్నరేళ్ల పాప, మామగారు, అత్తగారు. మొత్తం ఆరుగురం.

మొదటి ప్రయాణం గురించి నేను చెప్పని చుట్టం లేదు. పొద్దున్నే బాల్కనీలో కాఫీ పట్టుకుని నిలబడితే నీళ్లు చీలే చప్పుడు తప్ప ఏమీ వినిపించదని చెప్పాను. రాత్రి పదిన్నరకు షో చూసి, పదకొండున్నరకు పిజ్జా తిని, పొద్దున తొమ్మిదికి లేచామని చెప్పాను. అందులో ఒక్క అబద్ధమూ లేదు. కానీ నేను పొగిడిన ఓడ, చేతిలో సంచి కూడా లేని ఇద్దరు పెద్దవాళ్లు తిరిగిన ఓడ. అత్తగారు "అంత బాగుంటే మమ్మల్నీ తీసుకెళ్లు అమ్మాయీ" అన్నారు. ఏజెంటుకు ఫోను చేసి "పోయినసారిలాగే వేసేయండి" అన్నాను. ఆయన నిజంగానే పోయినసారిలాగే వేశాడు. నా తప్పు అక్కడిదాకా. ఆ తర్వాతిది ఆయన తప్పు.

ముందు గదుల సంగతి. రెండు బాల్కనీ కేబిన్లు, మధ్యలో తలుపు ఉండేవి కావాలని అడిగాను. "కనెక్టింగే మేడమ్, నేను చూసుకుంటాను" అన్నాడు ఫోనులో. ఇన్‌వాయిస్‌లో మాత్రం ఆ మాట పక్కన "రిక్వెస్ట్" అని ఉంది. అది చదివీ పట్టించుకోలేదు. ఆయన కొన్నది "గ్యారంటీ" రకం టికెట్లని తర్వాత తెలిసింది. పేరు చూసి మోసపోకండి. ఆ రకంలో గ్యారంటీ ఇచ్చేది బాల్కనీ కేబిన్ వస్తుందని మాత్రమే. ఏ అంతస్తులో, ఏ మూల అన్నది ప్రయాణం దగ్గరపడ్డాక కంపెనీ ఇష్టం. అందుకే కాస్త చవక. ఇద్దరికైతే ఆ చవక మంచిదే, గది ఎక్కడ వచ్చినా పోయేదేమీ లేదు. మాకు ఎనిమిదో డెక్కులో ముందు వైపు ఒకటి, పదో డెక్కులో వెనక చివర ఇంకొకటి వచ్చాయి. మూడు వందల మీటర్లకు దగ్గరగా ఉండే ఓడ అది. మోకాళ్ల నొప్పులున్న మామగారు పాపను చూడాలనిపించినప్పుడల్లా ఆ పొడవాటి నడవ దాటి, లిఫ్టు కోసం నిలబడి, మళ్లీ నడిచి వచ్చేవారు. పక్కపక్క గదులు వేరు, మధ్యలో తలుపున్న గదులు వేరు. రెండో రకం కావాలంటే కేబిన్ నంబర్లు టికెట్ మీద అచ్చయ్యాకే మిగతా డబ్బు కట్టండి.

అంతటితో ఆగలేదు. ఒక్కో కేబిన్‌కు ముగ్గురేసి వచ్చేలా కాగితం మీద బాబును తాతయ్య, నానమ్మలతో కలిపి వేశాడు. వాడి పడక గోడలోంచి కిందికి దించే పై మంచం. చిన్న నిచ్చెన ఎక్కి పడుకోవాలి. మొదటి రాత్రి వాడు పడిపోతాడేమోనని అత్తగారు కన్ను మూయలేదు. రెండో రాత్రి నుంచి బాబు నా దగ్గరికి వచ్చేశాడు, మా వారు అక్కడికి వెళ్లారు. పెళ్లయి పదేళ్లయిందని సంబరంగా తిరిగిన ఓడలోనే, పదమూడో ఏట, ఆయన వాళ్ల అమ్మానాన్నల నెత్తిమీద మంచంలో పడుకున్నారు. నవ్వుకోవడానికి బాగానే ఉంది. నవ్వు రాని సంగతి ఇంకొకటి ఉంది. ప్రమాదం జరిగితే ఎక్కడ గుమిగూడాలో ఓడలో కేబిన్‌ను బట్టి నిర్ణయిస్తారు. పిల్లల మణికట్టుకు ఆ చోటు గుర్తుతో పట్టీ కడతారు. బాబు చేతికి కట్టిన పట్టీ మీద అక్షరం, మా గది కార్డు మీద అక్షరం వేర్వేరుగా ఉన్నాయి. రిసెప్షన్‌కు పరుగెత్తి మార్పించుకున్నాను. ఏజెంట్లు పడకల లెక్క సరిపోయిందా అనే చూస్తారు. ఏ పిల్లవాడు ఎవరి పేరు కింద ఉన్నాడో మనమే చూసుకోవాలి.

బాల్కనీ ఏమైందంటారా? పాప ఎక్కుతుందని కుర్చీలు రెండూ బయట బోర్లా పడుకోబెట్టి, తలుపు గడియ వేసి, నాలుగు రోజులూ అద్దంలోంచి సముద్రం చూశాం. ఉయ్యాల మంచం అడిగితే ఇచ్చారు (ముందే చెప్పి ఉంచాలి, అప్పటికప్పుడు దొరకదు), అది వేశాక నేల కనబడలేదు. రాత్రి బాత్రూముకు వెళ్లాలంటే సూట్‌కేసు మంచం మీదకు ఎత్తాలి. ఆ రెండు బాల్కనీల డబ్బుతో కిటికీ లేని మూడు గదులు తీసుకుని ఉంటే ఎంత హాయిగా ఉండేదో. చిన్నపిల్లలున్నవాళ్లు బాల్కనీకి అదనంగా కట్టే ముందు ఒకసారి ఆలోచించుకోండి.

ఇక "పిల్లలకు ఉచితం." ఈ మాట విన్నప్పుడు ఏది ఉచితమో వెంటనే అడగండి. ఉచితమైంది మూడో, నాలుగో మనిషి టికెట్ ధర మాత్రమే. రేవు రుసుములు, పన్నులు వాళ్లకూ పడతాయి. టిప్పులు సరేసరి. మనల్ని అడక్కుండానే రోజువారీగా ఖాతాలో పడిపోతాయి. మా ఓడలో మనిషికి రోజుకు 18 డాలర్లు. ఇద్దరం వెళ్లినప్పుడు నాలుగు రోజులకు 144 డాలర్లు, పెద్దగా తెలియలేదు. ఆరుగురికి 432. రెండున్నరేళ్ల పాపకూ 72 డాలర్లు వేశారు. కొన్ని కంపెనీలు మరీ చిన్నపిల్లలకు వేయవు, మాది వేసే రకం. ఏజెంటు చెప్పిన "అన్నీ కలిపిన ధర"లో ఇవి లేవు. అడిగితే "అది ఓడవాళ్లది మేడమ్, మాది కాదు" అన్నాడు. జీఎస్‌టీ, టీసీఎస్ (విదేశీ టూరు అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా చివర్లో కలిపాడు. టీసీఎస్ మటుకు రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు, సర్టిఫికెట్ తీసుకోవడం మరవకండి.

పిల్లల క్లబ్బు ఉందన్నాడు. ఉంది, చాలా బాగుంది కూడా. కానీ మూడేళ్లు నిండాలి, డైపర్ మానేసి ఉండాలి. పాపకు రెండూ లేవు. డైపర్ వేసుకునే పిల్లలను పెద్ద కొలనులోకి దించనివ్వరు. ఈత డైపర్ అయినా సరే, ఆరోగ్య నియమం. కొన్ని ఓడల్లో వాళ్ల కోసం విడిగా నీళ్లు చిమ్మే చోటు ఉంటుంది. మా దాంట్లో అది మరమ్మతులో ఉంది. కొలను గట్టు మీద కూర్చుని నీళ్లవైపు చేతులు చాచి ఏడ్చే పాపను పట్టుకుని నేను గడిపిన గంట చెప్పనలవి కాదు. పోయినసారి అదే కొలను పక్కన పడక కుర్చీలో రెండు గంటలు నిద్రపోయాను. అప్పుడు కూడా ఎవరి పిల్లో ఏడుస్తూనే ఉండి ఉంటుంది, నాకు వినబడలేదంతే.

బాబు మాత్రం రాజాలా తిరిగాడు. క్లబ్బు, బల్ల మీద టెన్నిస్, ఐస్‌క్రీం. ఎప్పుడు రమ్మన్నా మళ్లీ వస్తానంటున్నవాడు వాడొక్కడే. అయితే ఓడలో గది తాళమూ, పర్సూ ఒకే కార్డు. ఆటల గదిలో ఆ కార్డు గీస్తే యంత్రం పనిచేస్తుంది. అది ఉచితమనుకున్నాడు పాపం. మూడో రోజు ఖాతా చూస్తే ఒక్క ఆటల గదికే 74 డాలర్లు. ఎక్కిన రోజే రిసెప్షన్‌లో అడిగితే పిల్లల కార్డుకు ఖర్చు చేసే వీలు తీసేస్తారు. ఇద్దరం వెళ్లినప్పుడు ఈ సంగతి తెలుసుకోవాల్సిన అవసరమే రాలేదు.

రాత్రి భోజనం రెండు విడతలుగా పెడతారు. పోయినసారి మాకు ఎనిమిది గంటల విడత వేశారు, మెల్లగా తింటూ పదిదాకా కూర్చున్నాం. "పోయినసారిలాగే" కాబట్టి ఈసారీ ఎనిమిదే. మామగారు ఇంట్లో ఏడున్నరకల్లా భోజనం ముగించే మనిషి, పాప ఎనిమిదిన్నరకు కుర్చీలోనే నిద్రపోతుంది. రెండో రోజు నుంచి పైనున్న బఫేకు మారిపోయాం. పప్పు, అన్నం, చపాతీ దొరికాయి, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. పెరుగు పొద్దున ఫలహారాల దగ్గరే కనబడింది, రాత్రికి ఉండేది కాదు. అత్తగారు రెండో పొద్దునే పసిగట్టి నాలుగు కప్పులు గదిలోని చిన్న ఫ్రిజ్‌లో దాచారు.

పెనాంగ్ బాగా జరిగింది. ఎందుకు బాగా జరిగిందో గమనించండి. ఓడ జార్జ్‌టౌన్‌లోని స్వెట్టెన్‌హామ్ రేవుకు ఆనుకుని ఆగుతుంది, దిగి నడిస్తే ఊళ్లోనే ఉంటాం. క్వీన్ స్ట్రీట్‌లో 1833లో కట్టిన మహామారియమ్మన్ గుడికి మామగారిని మూడు చక్రాల రిక్షాలో తీసుకెళ్లాం. చుట్టూ పూలదండలు, అగరుబత్తులు, అరవంలో బేరాలు. అత్తగారి ముఖం అప్పుడు వెలిగింది. ఎండ మాత్రం భయంకరం. ఇద్దరం ఉన్నప్పుడు గోడబొమ్మలు వెతుకుతూ నాలుగు గంటలు తిరిగిన వీధుల్లో, ఈసారి గంటన్నరకే వెనుదిరిగాం.

ఫుకెట్ దగ్గర అసలు దెబ్బ తగిలింది. మా ఓడ పటోంగ్ తీరానికి దూరంగా నీళ్లలోనే లంగరు వేస్తుంది. అక్కడి నుంచి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరవేస్తారు, వాటిని టెండర్లంటారు. పోయినసారి అది నాకు సరదా. ఓడ అడుగున తెరిచిన తలుపు దగ్గర పడవ పైకీ కిందికీ ఊగుతుంటే, సిబ్బంది మోచేయి పట్టుకుని "ఇప్పుడు" అన్నప్పుడు ఒక్క అడుగు వేయాలి. మామగారు ఆ అంచు దాకా వచ్చారు. పడవ ఓ జానెడు కిందికి దిగింది, మళ్లీ లేచింది. ఆయన చేతికర్ర వైపు చూసి, నావైపు చూసి, "మీరు వెళ్లి రండమ్మా, నేను పైన కూర్చుంటాను" అన్నారు. అత్తగారు ఆయనను వదిలి రానన్నారు. రెండు టికెట్లకు కట్టిన ఫుకెట్ టూరు డబ్బు వెనక్కి రాలేదు. పెద్దవాళ్లతో వెళ్తుంటే ప్రతి ఊరి దగ్గరా ఓడ రేవుకు ఆనుకుంటుందా, టెండర్లలో వెళ్లాలా అని అడిగి రాయించుకోండి. చక్రాల కుర్చీ ఉన్నవాళ్లను అలలు ఎక్కువగా ఉంటే టెండర్ ఎక్కనివ్వకపోవచ్చు కూడా. మామగారి మోకాళ్ల సంగతి ఏజెంటుకు వాట్సాప్‌లో రాశాను. పైకెత్తిన బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

ఇంకో రెండు చిన్న సంగతులు, ఇవి ఏజెంటు తప్పులు కావు కానీ కుటుంబాలే ఇరుక్కుంటాయి. పిల్లల పాస్‌పోర్టు గడువు ఐదేళ్లే. ప్రయాణానికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మా బాబుది నాలుగు నెలలే ఉందని తత్కాల్‌లో పరుగులు పెట్టాం. రెండోది, అన్నం వండే చిన్న కుక్కరు. అత్తగారు సంచిలో చీరల మధ్య చుట్టి తెచ్చారు. వేడెక్కే సామాను ఓడలోకి రానివ్వరు, సింగపూర్‌లో స్కానర్ దగ్గరే తీసి చీటీ కట్టి పెట్టుకున్నారు. దిగే రోజు పొద్దున అందరూ సామానుతో బారులు తీరిన వేళ, ఆ కుక్కరు కోసం ఇంకో వరుసలో ముప్పావుగంట నిలబడ్డాం. ఆవిడ వదిలేయడానికి ఒప్పుకోలేదు.

ఏజెంటు పేరు ఇక్కడ రాయను, వ్యవహారం నడుస్తోంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. తేలకపోతే మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. రెండేళ్ల గడువు ఉంటుంది, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. నా దగ్గరున్న సాక్ష్యం మామగారి మోకాళ్ల గురించి రాసిన ఆ వాట్సాప్ సందేశం, దాని కింద ఆ బొటనవేలు. కనెక్టింగ్ గదుల మాట ఫోనులో అన్నది కాబట్టి దానికి ఏమీ లేదు. మీరు ఫోనులో మాట్లాడిన ప్రతిసారీ, పెట్టేసిన వెంటనే "మీరు ఇప్పుడు చెప్పింది ఇదే కదండీ" అని రాసి పంపండి. జవాబు వచ్చాకే డబ్బు పంపండి.