ఉచిత పరీక్ష అంటూ ఇంటికి వచ్చి ‘చదువు కిట్’ అంటగడుతున్నారు: నెల్లూరు, ఒంగోలు తల్లిదండ్రులు జాగ్రత్త

ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలున్న తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక. పిల్లల చదువు స్థాయిని ఉచితంగా పరీక్షిస్తామంటూ వచ్చేవాళ్లు మా ఇంట్లో ఒక పెట్టె పెట్టి, మా పేరు మీద ఒక అప్పు రాయించి వెళ్లారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు తెలిసినా పెద్దగా ఉపయోగం లేదు. బిల్లు మీద ఒక పేరు, ట్యాబ్ తెర మీద ఇంకో పేరు, అప్పు పత్రంలో మూడో పేరు ఉన్నాయి. రేపు నాలుగో పేరుతో వస్తారు. వాళ్ల పద్ధతి గుర్తుపెట్టుకోండి.

బడులు తెరవడానికి ముందు, సరిగ్గా రోహిణి కార్తెలో, వేదాయపాలెంలోని మా అపార్ట్‌మెంటు కింద బెలూన్లు కట్టి బల్ల వేశారు. పిల్లలకు రంగు పెన్సిళ్లు పంచి, పేరు, తరగతి, తండ్రి ఫోను నంబరు రాసుకున్నారు. రెండు రోజుల తర్వాత ‘మీ పాప ఎంపికైంది’ అని ఫోను. దేనికి ఎంపికైందో ఎవరూ చెప్పరు. సాయంత్రానికి ఒక యువకుడు ఇంటికి వచ్చాడు. నెల్లూరు ఎండలో మెడకు టై బిగించుకుని వచ్చినవాడిని చూసి మా అమ్మ జాలిపడి మజ్జిగ ఇచ్చింది.

పరీక్ష చూడండి. మా పాప అప్పుడే ఒకటో తరగతి ముగించింది. ట్యాబ్‌లో నిమిషం గడియారం తిరుగుతుంటే అర్థంపర్థం లేని ఇంగ్లీషు మాటలు చదవమన్నాడు. ఆ తర్వాత రెండంకెల గుణకారాలు. కొత్త మనిషి ముందు పిల్ల నోరు విప్పలేదు. నోరు విప్పని ప్రతిసారీ తెర మీద ఎర్ర ఇంటూ గుర్తు పడింది. ఇంగ్లీషు అక్షరాలు ‘బి’, ‘డి’ తారుమారుగా రాస్తే, అదొక లోపమన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చివరికి ఒక ఎర్ర గీత చూపించి, ‘మీ పాప రెండేళ్లు వెనకబడి ఉంది’ అని పిల్ల ఎదుటే తేల్చేశాడు. ఆరేళ్ల పిల్లను కూర్చోబెట్టి, ఆమె వింటుండగా ఆ మాట అన్నందుకు వాడిని ఇప్పటికీ క్షమించలేను.

ఒంగోలు భాగ్యనగర్‌లో ఉండే మా చెల్లెలి ఇంటికీ ఇదే బాపతు మనుషులు వెళ్లారు. వాళ్ల బాబు మూడో తరగతి, చకచకా చదువుతాడు. అతనికీ అదే ఎర్ర గీత, అదే ‘రెండేళ్లు వెనక’. తరగతి వేరు, వయసు వేరు, ఫలితం మాత్రం ఒక్కటే. మీకు కూడా ఇదే వస్తుంది, అనుమానం అక్కర్లేదు.

పాప తరగతి టీచర్‌ని అడిగితే ఆవిడ నవ్వారు. ఏడేళ్లు వచ్చేవరకు అక్షరాలు తిప్పి రాయడం చాలామంది పిల్లల్లో మామూలేనట. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాలు చూపించారు. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి 99 వరకు అంకెలు చదవడం, రాయడం, చిన్న చిన్న కూడికలు, తీసివేతలు వస్తే చాలు. నాలుగైదు మాటలున్న చిన్న వాక్యాలు చదవగలిగితే చాలు. అందులో రెండంకెల గుణకారం ఎక్కడా లేదు. పరీక్ష పెట్టే మనిషి మీ ఇంటికి వస్తే, ఏ తరగతి లక్ష్యాల ప్రకారం పెడుతున్నావని ఒక్క ప్రశ్న వేయండి. మాట మారుస్తాడు.

ఇక బేరం. అసలు ధర 42,000 అని, ఈ రాత్రికి మాత్రమే 29,400 అని. నెలకు 2,450 చొప్పున 12 నెలలు, వడ్డీ లేదు. మధ్యలో ‘పాప పేరు నమోదు చేయడానికి ఒక ఓటీపీ వస్తుంది, చెప్పండి’ అన్నాడు. ఒకటి కాదు, వరసగా మూడు వచ్చాయి. పాప నమోదు మాట అటుంచితే, ఒకటి రుణ ఒప్పందానికి, ఇంకొకటి బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా డబ్బు తీసుకునే అనుమతికి. ‘వడ్డీ లేదు’ అన్న ఆ అప్పుకు 1,499 ప్రాసెసింగ్ రుసుము పడిందని ఫోనుకు సందేశం వచ్చాకే తెలిసింది. ఓటీపీ సందేశంలో అది దేనికో ఇంగ్లీషులో చిన్నగా రాసి ఉంటుంది. అంకెలు చెప్పేముందు ఆ వాక్యం చదవండి, ఎదురుగా కూర్చున్నవాడు ఎంత తొందరపెట్టినా సరే.

పెట్టె వచ్చింది. ఒక ట్యాబ్, ఒక మాట్లాడే పెన్ను, అభ్యాస పుస్తకాలు, బొమ్మల కార్డులు. తెలుగు పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ‘అమ్మ’ అని ఉండాల్సిన చోట మ వత్తు కిందికి రాకుండా ‘అమ్‌మ’ అని అచ్చయింది. ‘అక్క’, ‘పువ్వు’, ‘నక్క’ అన్నీ అదే అవస్థ. వత్తులు అప్పుడే నేర్చుకుంటున్న పిల్ల ఆ పేజీ చూసి, బళ్లో టీచర్ రాసింది తప్పా అని అడిగింది. మాట్లాడే పెన్ను ‘ళ’ మీద పెట్టినా ‘ల’ అనే పలుకుతుంది, ‘థ’ మీద పెడితే ‘త’ అంటుంది. లెక్కల పుస్తకంలో డబ్బు పాఠం ఉంది. అందులో రూపాయి కనిపించదు, ఏదో విదేశీ నాణేల బొమ్మలు వేసి ఎన్ని సెంట్లో చెప్పమని అడుగుతుంది. రుతువుల పాఠంలో మంచుమనిషి. నెల్లూరు పిల్లకు మంచుమనిషి!

తిప్పి పంపుదామంటే అసలు కిటుకు అక్కడే ఉంది. ‘నచ్చకపోతే 15 రోజుల్లో డబ్బు వాపసు’ అని నోటితో చెప్పారు. షరతుల కాగితంలో ఆ గడువు ఆర్డరు ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. పెట్టె ఇంటికి చేరేసరికే సగం పైన అయిపోయింది. పైగా ట్యాబ్ ఒకసారి ఆన్ చేసి నమోదు చేస్తే వాపసు లేదట. ఆన్ చేయకుండా నచ్చిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే కస్టమర్ కేర్ అమ్మాయి ‘మీ ఇబ్బంది మాకు అర్థమైంది సర్’ అని ఫోను పెట్టేసింది.

ఇది కొత్త మోసం కూడా కాదు. ఉచిత సేవల పేరు చెప్పి ఖాతాల నుంచి ఆటో డెబిట్ అనుమతి తీసుకుంటున్నారని, ఆ పద్ధతిలో చందా కట్టవద్దని, చదువు పరికరాలు కొంటే పన్ను ఇన్‌వాయిస్ అడిగి తీసుకోవాలని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులకు సూచనలు ఇచ్చింది. ఇన్‌వాయిస్ ఎందుకంటే, సరుకు నిజంగా అమ్మింది ఎవరో అందులోనే తెలుస్తుంది. ఫిర్యాదు ఆ పేరు మీదే పెట్టాలి.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు కోపంలో బ్యాంకుకు వెళ్లి ఆటో డెబిట్ ఆపేసి ఊరుకోకండి. అమ్మినవాడు ఒకడు, అప్పు ఇచ్చినవాడు మరొకడు. మీరు వాయిదా ఎగ్గొట్టారనే లెక్క వేస్తారు, అప్పులు సరిగ్గా కడుతున్నామో లేదో చూపే సిబిల్ స్కోరు పడిపోతుంది, తర్వాత ఇంటి రుణం అడిగినప్పుడు అది బయటపడుతుంది. ముందు రుణ సంస్థకు మెయిల్ రాసి, సరుకు వివాదంలో ఉందని చెప్పి, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం అడగండి. డిజిటల్ రుణాలకు ఆ పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అసలు మొత్తం, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా అప్పు నుంచి తప్పుకునే గడువు ఎంతో అందులో ఉంటుంది. ఆ గడువు చాలా తక్కువ, కాబట్టి అనుమానం వచ్చిన రోజే కదలాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా సంతృప్తిగా లేకపోతే, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సాయం కోసం 14448.

అమ్మినవాళ్ల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. నెల్లూరులోనూ ఉంది, ఒంగోలులోనూ ఉంది. కంపెనీ ఆఫీసు ఎక్కడో బెంగళూరులోనో ఢిల్లీలోనో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊరిలోనే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు రుసుము లేదు, రెండేళ్ల లోపు వేయాలి. వకీలు తప్పనిసరి కాదు.

ఇంత చెప్పాక, మరి ఇంట్లో పిల్లలకు ఏం చేయాలని అడుగుతారు. టీచర్ చెప్పినవి రాస్తాను. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో చాలావాటిలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటుంది. ప్రైవేటు బడిలో చదివే పిల్లలకూ అవి పనికొస్తాయి. వాటి మీది క్యూఆర్ కోడ్‌ను ప్రభుత్వ దీక్ష యాప్‌లో చూపితే పాఠాలు ఉచితం. స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో స్థాయిల వారీగా తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. రాయడానికి మార్కాపురం పలక, బలపం. తప్పు రాస్తే పాపే చెరిపేస్తుంది, ఎర్ర ఇంటూ పడదు. మా పాప ఆత్మకూరు బస్టాండులో బస్సుల బోర్డులు చదవడం మొదలుపెట్టింది. మొన్న ‘ఉదయగిరి’ తప్పులేకుండా చదివింది. రైతుబజారులో చిల్లర లెక్క ఆమెదే. టమాటాలామె తొందరపెట్టదు, అదే ఆ టై అబ్బాయికీ ఆమెకూ తేడా.

మా సంగతి: 1915కు ఫిర్యాదు నమోదయ్యాక కంపెనీ నుంచి ఫోను వచ్చింది, సగం డబ్బు ఇస్తామంటున్నారు. ఒప్పుకోలేదు. మా చెల్లెలు ఇన్‌వాయిస్, ఆ ఎర్ర గీత ఫోటో రెండూ భద్రంగా ఉంచింది కాబట్టి ఒంగోలు కమిషన్‌లో విడిగా వేస్తోంది. మీ ఇంటికీ ఇలాంటి పెట్టె వచ్చి ఉంటే పెట్టె మీది డెలివరీ చీటీ చించకండి. సరుకు ఏ తేదీన చేరిందో చెప్పడానికి అదొక రుజువు.