కాఫీని నీళ్లలో లెక్కేయొచ్చా? మిర్చి యార్డు ఎండల్లో ఏళ్లుగా తాగుతున్న ఫిల్టర్ కాఫీపై నా సమీక్ష

ముందు తీర్పు చెప్పి తర్వాత వివరాల్లోకి వస్తా. కాఫీలో ఉన్న నీళ్లు నీళ్లే, రోజు లెక్కలో పడతాయి. కేలరీల మాటకొస్తే, ఉత్త డికాక్షన్‌లో దాదాపు ఏమీ ఉండవు. మనం తాగే కాఫీలో మాత్రం దండిగా ఉంటాయి, అవి పాలవీ చక్కెరవీ. ఒకే గ్లాసును నీళ్ల పద్దులో ఒకసారి, తిండి పద్దులో ఇంకోసారి రాసుకోవాలి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణం లెక్కలు చూస్తాను కాబట్టి నాకు ఇట్లా చెప్పడమే అలవాటు.

మా దగ్గర అందరిదీ ఛాయ్. నేను మాత్రం స్టీలు ఫిల్టరు కొనుక్కుని, పొద్దున్నే డికాక్షన్ దించి, ఫ్లాస్కులో యార్డుకు పట్టుకుపోవడం మొదలుపెట్టి ఏళ్లు దాటింది. మిర్చి ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి నుంచి మే దాకా. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. బస్తాల ఘాటుకు గొంతు మండుతుంది. అట్లాంటి చోట దూప తీరిందా లేదా అన్నది చిన్న సంగతి కాదు. యార్డులో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి: కాఫీ తాగితే తాగిన దానికి రెండింతల నీళ్లు ఒంట్లోంచి పోతాయని. రెండోది: పొద్దున్నుంచి నాలుగు ఛాయ్‌లు, రెండు కాఫీలు పడ్డాయి, ఇక నీళ్లెందుకని. రెండూ తప్పే.

మొదటి మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. కాఫీలో హుషారు ఇచ్చే పదార్థం కెఫీన్‌కు మూత్రం ఎక్కువ చేసే గుణం ఉంది. అలవాటు లేని మనిషి ఒకేసారి ఎక్కువ మోతాదు తీసుకుంటే అది తెలుస్తుంది కూడా. రోజూ తాగేవాళ్లకు కొద్ది రోజుల్లోనే ఒళ్లు దానికి సర్దుకుంటుంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రోజూ కాఫీ తాగే 50 మంది మగవాళ్లకు మూడు రోజులు రోజుకు నాలుగు కప్పులు కాఫీ, ఇంకో మూడు రోజులు అంతే కొలతలో నీళ్లు ఇచ్చి చూశారు. ఒంట్లో నీటి శాతంలో, మూత్రం పరిమాణంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. ఆడవాళ్లను అందులో చేర్చుకోలేదన్నది గుర్తు పెట్టుకోవాలి. నా అనుభవమూ అదే వైపు చూపిస్తుంది. కాఫీ తాగిన పూట, తాగని పూట నా మూత్రం రంగులో తేడా లేదు. నీళ్లు మరిచిన పూట మాత్రం చిక్కటి పసుపు. నేను నమ్మే కొలత అదే.

రెండో మాట ఇంకా ప్రమాదం. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో మగవాళ్లకు రోజుకు 2.5 లీటర్ల నీళ్లు, ఆడవాళ్లకు 2 లీటర్లు అని చెప్పింది. తిండిలోని తడి, ఛాయ్, కాఫీ, పాలు అన్నీ ఆ లెక్కలోవే. కానీ అది మామూలు వాతావరణానికి, మామూలు పనికి వేసిన లెక్క. మే నెలలో బస్తాలు మోసే హమాలీ అన్నకు అది ఏ మూలకూ చాలదు. 150 మిల్లీలీటర్ల పాల కాఫీలో నీళ్లు 130 దాకా ఉంటాయి. మూడు గ్లాసులు తాగినా అర లీటరు కాదు. చెమటలో పోయే ఉప్పును కాఫీ తిరిగి ఇవ్వదు. "కాఫీతోని దూప పోతదా బిడ్డా, జర సల్ల తాగు" అంటుంది మా అమ్మ. కాఫీ సంగతిలో అమ్మతో నేను ఒప్పుకోను. ఉప్పేసిన సల్ల సంగతిలో ఆమె మాటకు తిరుగులేదు. అందుకే నాకు ఫ్లాస్కు పక్కన నీళ్ల బాటిల్ తప్పనిసరి.

ఇక కేలరీలు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. పెద్ద కప్పు నల్ల కాఫీలో రెండు, మూడు కేలరీలకు మించి ఉండవు. అదే బర్రె పాలు 100 మిల్లీలీటర్లు పోస్తే వాటిలోనే వందకు పైన. నిండు చెంచా చక్కెర 5 గ్రాములు, 20 కేలరీలు. రెండు చెంచాలు వేస్తే గ్లాసు 150 దగ్గర ఆగుతుంది. రోజుకు నాలుగు తాగేవాళ్లు 600 కేలరీలు తాగుతున్నట్టు. అంటే ఒక పూట భోజనమంత. పైగా చక్కెరే 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపే మంచిదంటోంది. అదే కాఫీ టోన్డ్ పాలతో, ఒక్క చెంచాతో చేస్తే 80 కేలరీలు. నేను చేసిన మార్పు అంతే. బర్రె పాల కమ్మదనం పోయిందన్నది నిజం, దాన్ని దాచను. డికాక్షన్ చిక్కగా దించితే ఆ లోటు చాలావరకు తీరుతుంది. బెల్లం వేసుకుంటే కేలరీలు తగ్గుతాయనేవాళ్లున్నారు, తగ్గవు. మిషన్ కాఫీ నేను తాగను. పొడిలోనే చక్కెర కలిపి ఉంటుంది, మన చేతిలో ఏమీ ఉండదు.

పొడి సంగతి: నేను వాడేది చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) లేని అరకు అరబికా. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోబస్టా అనే ఇంకో కాఫీ రకంతో చూస్తే అరబికాలో కెఫీన్ దాదాపు సగం. చికోరీలో అసలు కెఫీనే లేదు. కలిపిన పొడి రంగు బాగా దిగుతుంది, చిక్కగా ఉంటుంది, చవక కూడా. మన నిబంధనల ప్రకారం అట్లాంటి పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. ప్యాకెట్ వెనక ఆ శాతం చూసి కొనండి.

ఎంత తాగొచ్చు? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దంది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 ఉంటుంది, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65. ఛాయ్ కూడా అదే ఖాతాలో పడుతుందని మరవొద్దు. నాకు మూడు సరిపోతాయి. సాయంత్రం నాలుగు దాటితే ముట్టను, ఆ తర్వాత తాగిన రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు.

అదే సంస్థ భోజనానికి ముందూ తర్వాతా గంట సేపు ఛాయ్, కాఫీ వద్దంది. తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనీయవు కాబట్టి. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువే. నీళ్లు, కేలరీల కంటే మన ఇళ్లలో ముందు పట్టించుకోవాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం. మా అక్క అన్నం తినగానే కాఫీ తాగేది. ఇప్పుడు పొద్దున టిఫిన్‌కు గంట ముందు ఒకటి, మూడింటికి ఇంకొకటి తాగుతుంది. ఇనుము మాత్ర రాత్రి వేసుకుంటుంది. గర్భంతో ఉన్నవాళ్లు కెఫీన్ 200 మిల్లీగ్రాముల లోపే ఉంచుకోవాలి, అంటే చిక్కటి ఫిల్టర్ కాఫీ ఒకటి, మహా అయితే రెండు చిన్న గ్లాసులు.