వేడెక్కితేనే బయటపడే రోగం: అవుట్‌బోర్డు మోటారుకు డూప్లికేట్ సీడీఐ

బోటు వెనక తగిలించే రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు మోటారుకు ఒరిజినల్ కాని సీడీఐ (ప్లగ్గుల్లో స్పార్కు పుట్టించే ఎలక్ట్రానిక్ యూనిట్) బిగించి చాన్నాళ్లు నడిపాక దాని మీద మిగిలింది కోపమే. మొదట్లో మెప్పించిన మాట నిజం. ఒక్క లాగుకే స్టార్టయ్యేది, ఐడిలింగ్ నిలకడగా ఉండేది. ఆ మెప్పు చల్లటి ఇంజనుకే చెల్లుతుందని తర్వాత తేలింది.

ఫుల్ థ్రాటిల్‌లో ఇరవై ముప్పై నిమిషాలు నడిచాక ఒక సిలిండరులో మిస్సింగ్ (స్పార్కు తప్పిపోవడం) మొదలవుతుంది, బోటు జోరు పడిపోతుంది. ఇంజను ఆపి ఆరనిస్తే మళ్లీ మామూలే. కిరోసిన్ మీద తిప్పేవాళ్లయితే అందులో నీళ్లున్నాయనుకుని కార్బురేటర్ విప్పుతారు. ఒడ్డుకొచ్చేసరికి సీడీఐ చల్లబడి ఏ టెస్టుకూ దొరకదు. వేడికి లోపలి కెపాసిటర్ ఛార్జి నిలుపుకోలేకపోవడమో, టంకం అతుకు విడిపోవడమో జరుగుతుంది. మొత్తం ఎపాక్సీ పోసి మూసేస్తారు కనుక రిపేరుకు దారి లేదు.

కాబట్టి మిస్సింగ్ కొడుతున్నప్పుడే, వేడి మీదే చూడాలి. ముందు కొత్త ప్లగ్గు వేయండి. సిలిండరుకో ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకు హై వోల్టేజ్ అందించేది) ఉన్న మోడలైతే రెండు కాయిల్స్ అటూ ఇటూ మార్చండి. మిస్సింగ్ రెండో సిలిండరుకు మారితే తప్పు కాయిల్‌ది. మారకపోతే పల్సర్ కాయిల్ (స్పార్కు ఎప్పుడివ్వాలో సీడీఐకి సంకేతమిచ్చేది) గానీ సీడీఐ గానీ. రెండు సిలిండర్లూ ఒకేసారి చచ్చిపోతుంటే సీడీఐకి కరెంటిచ్చే ఛార్జ్ కాయిల్‌నో, ఇంజను ఆపే కిల్ స్విచ్‌నో అనుమానించాలి. స్విచ్ తీగ ఊడదీసి నడిపితే సంగతి తేలుతుంది. అప్పుడు ఇంజను ఆపడానికి చోక్ లాగాలి. సీడీఐ ఇచ్చేది క్షణంలో పోయే పల్స్, మామూలు మల్టీమీటరుకు అందదు. ఆ పల్స్ గరిష్ఠ వోల్టేజీని పట్టి మీటరుకు చూపే పీక్ వోల్టేజ్ అడాప్టర్ కావాలి.

బిగింపులో అసలు మోసం ఎర్తు దగ్గరే. అల్యూమినియం మీద ఉప్పుగాలికి తెల్లపొడి పేరుకుంటుంది. బోల్టు కింద మెరిసేదాకా గీకకపోతే కొత్త ఒరిజినల్ పార్టు కూడా మిస్సింగ్ కొడుతుంది. చాలా మోడళ్లలో పల్సర్, ఛార్జ్ కాయిల్స్ ఫ్లైవీల్ కింద ఉంటాయి. దాన్ని పుల్లర్‌తోనే తీయాలి, అంచు మీద సుత్తి పడితే మ్యాగ్నెట్లు పగులుతాయి. తిరిగి పెట్టేటప్పుడు షాఫ్టు కోను పొడిగా తుడవాలి, గ్రీజు పూయకూడదు. నట్టు వదులైతే ఫ్లైవీల్‌ను షాఫ్టు మీద సరైన చోట నిలిపే కీ తెగి స్పార్కు టైమింగ్ తప్పుతుంది, ఆ నింద కూడా సీడీఐ మీదకే వస్తుంది.

గోదావరి పాయల్లో సగం థ్రాటిల్ మీద దగ్గర దగ్గర తిరిగే బోటుకు ఈ డూప్లికేట్ ఏళ్లతరబడి పనిచేయవచ్చు, ఆ ధరకు వద్దనలేను. ఉప్పాడ నుంచో కాకినాడ నుంచో సముద్రం లోపలికి వేటకు వెళ్లేవాళ్లు మాత్రం ఇంజనుకు ఒరిజినల్ వేసి, దీన్ని స్పేరుగా పెట్టెలో ఉంచుకోండి. ఒడ్డుకు చేరేదాకా, అదీ థ్రాటిల్ తగ్గించి నడిపితే, సరిపోతుంది.