తేమ ప్రాంతాలకు 7 కిలోల బ్యాగు: ఏళ్ల వాడకం తర్వాత

40 లీటర్ల బ్యాగు, అందులో 7 కిలోలకు మించని సామాను. ఉష్ణమండల ప్రాంతాల్లో కొన్నేళ్లుగా నేను తిరుగుతున్నది దీనితోనే. చాలా విమాన సంస్థలు చేతి సామానుకు పెట్టే హద్దు 7 కిలోలే కాబట్టి ఆ లెక్క. అయితే అక్కడ త్రాసు చెప్పేదానికన్నా దండెం చెప్పేదే నమ్మాలి. సాయంత్రంలోగా ఉతికిన బట్ట తెల్లారేసరికి ఆరకపోతే, అది కొన్నప్పుడు ఎంత తేలికగా ఉన్నా బరువు కిందే లెక్క. మర్నాడు ఆ తడిని మోయాల్సింది వీపే.

ఈ పరీక్షలో మొదట తప్పింది జీన్సు. గాలి ఆడని గదిలో రెండు రోజులు ఆరేసినా నడుము పట్టీ దగ్గర పచ్చిగానే ఉంటుంది, ఆపైన ముక్క వాసన. మందపాటి నూలు టీషర్టుదీ దాదాపు అదే కథ. పాలిస్టర్ దారం మామూలు వాతావరణంలో తన బరువులో 0.4 శాతం తేమనే పట్టి ఉంచుతుంది, నూలు 7-8 శాతం. కాబట్టి పాలిస్టర్ చొక్కాను గట్టిగా పిండితే సగం పని అయిపోయినట్టే. దానికున్న రోగమల్లా కంపు. చెమటతో వచ్చే జిడ్డు ఆ దారాన్ని పట్టుకుని వదలదు, ఎంత ఉతికినా ఒంటి వేడి తగలగానే వాసన మళ్లీ లేస్తుంది. మెరీనో జాతి గొర్రెల సన్నని ఉన్నికి ఆ బాధ లేదు. కానీ అది ఆరడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, పైగా నా పలుచని మెరీనో చొక్కాకు బ్యాగు పట్టీ ఒరిసేచోట చిల్లులు పడ్డాయి. చివరికి నడకకు రెండు పాలిస్టర్ చొక్కాలు, రాత్రికి ఒక మెరీనో దగ్గర స్థిరపడ్డాను. రెండు చొక్కాలూ వదులువి, పొడుగు చేతులవి. ఒంటికి అతుక్కునే బట్ట వేసుకుంటే చెమట పొక్కులు ఖాయం.

బట్ట ఏదైనా, ఉతికే వేళ కూడా చూసుకోవాలి. చీకటి పడి గాలి చల్లబడేకొద్దీ సాపేక్ష తేమ పెరుగుతుంది, అర్ధరాత్రి దాటాక ఆరడం దాదాపు ఆగిపోతుంది. బస చేరగానే, ఎండ ఉండగానే ఉతికి, పొడి తువ్వాలులో చుట్టి మెలిపెట్టి, ఫ్యాను కింద ఆరేయడం నా పద్ధతి.

తువ్వాలు అన్నాను గానీ, నా దగ్గర ఉన్నది పలుచని నూలు లుంగీ. నూలును తిట్టి మళ్లీ నూలేనా అంటారేమో. ఒంటి పొర నేత కాబట్టి త్వరగా ఆరుతుంది. దుప్పటిగానూ, తెరగానూ పనికొస్తుంది. మైక్రోఫైబర్ తువ్వాలు ఒంటిమీద జారకుండా పట్టేస్తుంది, నాకు నచ్చలేదు.

డబ్బు దండగ అనిపించింది గాలి ఆడే రకం రెయిన్‌కోటు. చెమట ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలి లోపలికన్నా పొడిగా ఉండాలి. వానలో అంత పొడి గాలి ఎక్కడిది? లోపలినుంచే తడిసిపోతాం. కొన్నాళ్లకు దాని పాలియురిథేన్ పూత తేమకు జిగురుగా మారి పెచ్చులు లేచింది. ఇప్పుడు మడత గొడుగే వాడుతున్నాను. బ్యాగుకు పైన తొడిగే కవరూ అంతే, నీళ్లు వీపు వైపునుంచి దిగుతాయి. సామానంతా లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి నోరు మెలితిప్పితే చాలు.

దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే మందుల్లో 20 శాతం పికారిడిన్ మంచిది. డీట్ అనే మందు కూడా బాగా పనిచేస్తుంది, కానీ కొన్ని ప్లాస్టిక్‌లను, సాగే బట్టల్లోని స్పాండెక్స్‌ను పాడుచేస్తుంది. పొడి ఓఆర్ఎస్ లీటరుకు 20.5 గ్రాములే, రెండు మూడు పొట్లాలు ఎప్పుడూ ఉంటాయి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మానేశాను. తేమ నిండాక వేడిచేస్తే తప్ప మళ్లీ పనిచేయదు, దారిలో అదెవరు చేస్తారు? చలికి వేసుకునే పలుచని ఫ్లీస్ కోటు మాత్రం బ్యాగులోంచి తీయలేదు. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, ఇక ఏసీ బస్సుల చలి సంగతి చెప్పనక్కర్లేదు.

బ్యాగు మీద మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. వీపుకు ఆనే మెత్త ప్రయాణం పొడుగునా చెమ్మగానే ఉంటుంది. వీపుకు ఎడంగా జాలీ బిగించిన బ్యాగులకు గాలి ఆడుతుంది, కానీ వాటి చట్రం బరువు ఎక్కువ, చోటూ తినేస్తుంది. మార్చాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.