రిచ్‌మండ్‌లో ఇల్లు: షార్ట్ పంప్ మేలా, మ్యూజియం డిస్ట్రిక్ట్ మేలా?

పోయిన వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గర ఐదు నెలలు ఉన్నారు. వచ్చిన నాలుగో రోజు పొద్దున నాన్న చెప్పులు వేసుకుని, "పెరుగు అయిపోయిందన్నావుగా, నేను పట్టుకొస్తానుండు" అంటూ తలుపు తీశారు. తెనాలిలో ఆయనకు రోజూ ఉన్న అలవాటే అది. కాలవ గట్టు మీద నడిచి, వస్తూ వస్తూ ఒక తోటకూర కట్టో, పాల ప్యాకెట్టో పట్టుకొస్తారు. ఇక్కడ షార్ట్ పంప్‌లో మా అపార్ట్‌మెంట్ కిటికీలోంచి చూస్తే సూపర్‌మార్కెట్ బోర్డు కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో బ్రాడ్ స్ట్రీట్ ఉంది. "మీరు దాటలేరు నాన్నా, సాయంత్రం కార్లో వెళ్దాం" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. చెప్పులు విప్పేసి వచ్చి సోఫాలో కూర్చున్నారు.

ఈ ఏడు ఇల్లు మారాలని అనుకున్నప్పుడు మా ఆయనకీ నాకూ మొదట గుర్తొచ్చింది అదే. ఏటా వాళ్ళు వస్తారు, ఇద్దరికీ డ్రైవింగ్ రాదు. మా పాపకు నాలుగేళ్ళు, తనకీ రాదు. అంటే ఇంట్లో ఐదుగురు ఉంటే ముగ్గురు నడిచేవాళ్ళే. అలాంటి ఇంటికి వర్జీనియాలోని రిచ్‌మండ్ చుట్టుపక్కల ఏ చోటు మేలో మూడు నెలల పాటు తిరిగి చూశాం. ఇదే లెక్క వేసుకుంటున్న తెలుగువాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఊరి సంగతి ముందు చెప్పాలి. రిచ్‌మండ్ నగరం చిన్నదే. 2020 జనాభా లెక్కల్లో 2,26,610 మంది. దాన్ని ఆనుకుని ఉన్న హెన్రైకో కౌంటీలో అంతకన్నా ఎక్కువ, 3,34,389 మంది. వర్జీనియాలో నగరమూ కౌంటీ వేర్వేరు పాలనలు కాబట్టి పన్ను వేరు, బడి వేరు, రోడ్డు వేసేవాళ్ళు కూడా వేరు. మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది హెన్రైకోలోని షార్ట్ పంప్, గ్లెన్ అలెన్‌లలోనే ఉంటారు. గుడి అక్కడే, ఇండియన్ కిరాణా అక్కడే. మంచి బళ్ళన్న పేరు కూడా అక్కడికే. నగరం లోపల మేం చూసింది మ్యూజియం డిస్ట్రిక్ట్, దాని పక్కనే ఉన్న ఫ్యాన్ అనే పేట, కేరీటౌన్. ఈ రెండు చోట్లనీ కలిపేది ఒకే బ్రాడ్ స్ట్రీట్. డౌన్‌టౌన్ మీదుగా పడమరగా షార్ట్ పంప్ దాకా వెళుతుంది. పేరు మారదు కానీ నడిచేవాడి బతుకు మాత్రం ఆ పొడవునా మారిపోతుంది.

షార్ట్ పంప్ గురించి మొదట మంచే చెప్తాను, ఎందుకంటే అక్కడ మాకు చాలా మంచి జరిగింది. మా కమ్యూనిటీలో ఫుట్‌పాత్ కొత్తది, ఎగుడుదిగుడు లేదు. సాయంత్రం ఆరయ్యేసరికి క్లబ్‌హౌస్ దగ్గర ఏడెనిమిది మంది పెద్దవాళ్ళు చేరేవారు. గుంటూరు వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, ఒక తమిళ జంట. చెరువు చుట్టూ మూడు రౌండ్లు వేసి, బెంచీల మీద కూర్చుని, ఎవరి పిల్లల ఆఫీసు కష్టాలు వాళ్ళు చెప్పుకునేవారు. అమ్మ ఆ ఐదు నెలలూ ఇష్టంగా ఉండగలిగిందంటే దానివల్లే. ఆ తోడు నగరం లోపల దొరకదు. ఇల్లు చూసేటప్పుడు దీన్ని చిన్న విషయంగా తీసిపారేయకూడదు.

అయితే ఆ ఐదు నెలల్లో నాకు ఒకటి బాగా అర్థమైంది. వాకింగ్ వేరు, నడిచి వెళ్ళడం వేరు. షార్ట్ పంప్‌లో వాకింగ్ ఉంది. బయల్దేరిన చోటికే తిరిగి వస్తాం. కూరగాయలకీ, మందులకీ, మంగలి దగ్గరికీ, పార్కుకీ నడిచి వెళ్ళడం మాత్రం కుదరదు. ఇళ్ళన్నీ ఒకచోట, కొట్లన్నీ ఒకచోట ఉండేలా అక్కడ భూమిని ముందే విడగొట్టి కట్టారు. వీధులు కూడా ఒకదానితో ఒకటి కలవవు. చాలావరకు ఒకవైపు మూసేసినవే. మా వెనక కమ్యూనిటీలో ఎవరైనా పోపు పెడితే మాకు వాసన వస్తుంది. వాళ్ళింటికి నడిచి వెళ్ళాలంటే మాత్రం మెయిన్ రోడ్డు ఎక్కి ఒక మైలు తిరగాలి, అందులో కొంతదూరం ఫుట్‌పాతే లేదు, గడ్డిలో నడవాలి.

ఇక బ్రాడ్ స్ట్రీట్. మలుపు లేన్లు కూడా కలిపితే పెద్ద కూడళ్ళలో ఎనిమిది, తొమ్మిది లేన్లు అవుతాయి. నాన్న పట్టు వదలకపోతే ఒకరోజు నేనే వెంట వెళ్ళి దాటించాను. బటన్ నొక్కి నిలబడ్డాం. తెల్ల మనిషి బొమ్మ వెలిగింది. నడవడం మొదలుపెట్టాం. మధ్యలోకి వచ్చేసరికి ఎర్ర చెయ్యి, పక్కన అంకెలు తగ్గుతున్నాయి. అప్పుడే కుడివైపు తిరగడానికి ఒక పెద్ద పికప్ ట్రక్కు మా మీదికి వస్తున్నట్టుగా ముందుకు జరిగింది. దాని ముందు భాగం నాన్న భుజం ఎత్తు ఉంది. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అవతలికి చేరాక, "ఇంకెప్పుడూ వద్దులేమ్మా" అన్నారు. నా భయం ఉత్త భయం కాదు. అమెరికా మొత్తం మీద వాహనాలు గుద్ది చనిపోయిన పాదచారులు 2009లో సుమారు 4,100 మంది. 2022లో 7,500 దాటారు.

మధ్యేమార్గంగా వెస్ట్ బ్రాడ్ విలేజ్ చూశాం. షార్ట్ పంప్‌లోనే ఉంది. కింద కొట్లు, పైన అపార్ట్‌మెంట్లు, వెనక టౌన్‌హౌస్‌లు, చిన్న వీధులు. హోల్ ఫుడ్స్ సూపర్‌మార్కెట్ ఆ ఆవరణలోనే ఉంది. లోపల నడక నిజంగానే హాయిగా ఉంటుంది, బడులు హెన్రైకోవే. చాలామంది స్నేహితులు ఇదే తీసుకోమన్నారు. కానీ అది నాలుగు వైపులా పెద్ద రోడ్లున్న ఒక దీవి. లోపలున్నవి సరిపోతే సరే, గేటు దాటాలంటే మళ్ళీ అదే బ్రాడ్ స్ట్రీట్. అక్కడి ధరలు కూడా మాకు ఎక్కువనిపించాయి. మా వరకు ఆ ముచ్చట అంతటితో ముగిసింది.

మ్యూజియం డిస్ట్రిక్ట్, ఫ్యాన్ వేరే కాలంలో పుట్టినవి. 1888లో ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజనీరు ఒక ఊరంతటికీ కరెంటుతో ట్రామ్‌లు నడపవచ్చని చేసి చూపించింది రిచ్‌మండ్‌లోనే. ఈ పేటలు ఆ ట్రామ్ లైన్ల వెంట పెరిగాయి. ట్రామ్ దిగి ఇంటికి నడిచి చేరాలి కాబట్టి స్థలాలు ఇరుకు, ఇళ్ళు దగ్గర దగ్గర, వీధి మూల మీద ఒక కొట్టు. ట్రామ్‌లు 1949లో ఆగిపోయినా ఆ వీధుల అల్లిక అలాగే ఉంది. ఒక వీధిలో రోడ్డు తవ్వుతుంటే పక్క వీధిలోంచి వెళ్ళవచ్చు. చెత్త డబ్బాలూ గ్యారేజీలూ వెనక సందులో ఉంటాయి, అందుకే ముందువైపు ఫుట్‌పాత్‌ని కార్లు అడుగడుక్కీ కొయ్యవు. నడిచేవాడికి ఇది ఎంత పెద్ద సుఖమో పిల్లని పక్కన పెట్టుకుని నడిస్తే తెలుస్తుంది.

మేం చూసిన ఇంటి నుంచి కేరీటౌన్ నాలుగు బ్లాకులు. అక్కడ దాదాపు తొమ్మిది బ్లాకుల పొడవునా కొట్లూ హోటళ్ళూ ఉన్నాయి. పబ్లిక్స్ సూపర్‌మార్కెట్ కూడా ఉంది. ఇంకోవైపు వర్జీనియా మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. ప్రవేశం ఉచితం, ఏడాదిలో 365 రోజులూ తెరిచే ఉంటుంది. మన దేశపు శిల్పాలు కూడా అందులో ఉన్నాయి. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం అమ్మ ఒక్కతే వెళ్ళి చల్లగా కూర్చుని రాగలిగే చోటు షార్ట్ పంప్‌లో నాకు తెలిసి మాల్ ఒక్కటే, దానికైనా కార్లోనే వెళ్ళాలి.

బస్సు సంగతి విడిగా చెప్పాలి. 2018 జూన్‌లో మొదలైన పల్స్ బస్సు విల్లో లాన్ నుంచి రాకెట్స్ లాండింగ్ దాకా 7.6 మైళ్ళు, 14 స్టేషన్లు. డౌన్‌టౌన్ వైపు కొంతదూరం దానికి సొంత లేన్ ఉంది. పగలు ఎక్కువ సేపు నిలబడక్కర్లేదు. 2020 మార్చి నుంచి ఊరి బస్సులన్నిట్లో టికెట్ లేదు. చిల్లర లెక్కపెట్టుకోవడం, కార్డు గీకడం ఏమీ ఉండవు. భాష తడబడే పెద్దవాళ్ళకి అది ఎంత ధైర్యమో! నేను ఒకసారి చూపిస్తే నాన్న నేర్చుకుని, తర్వాత ఒంటరిగా మెయిన్ స్ట్రీట్ స్టేషన్ దాకా వెళ్ళి ఆ గడియారపు గోపురం చూసి వచ్చారు. షార్ట్ పంప్‌కీ 19వ నంబరు బస్సు వస్తుంది, లేదనడం లేదు. కానీ స్టాపు దాకా వెళ్ళడానికే ఆ రోడ్డుతో తంటా. పల్స్‌ను పడమరకు పొడిగించే ఆలోచన ఉంది. అది త్వరగా జరగాలనీ, దాంతోపాటు ఫుట్‌పాత్‌లూ రావాలనీ నేను గట్టిగా కోరుకుంటున్నాను.

నగరంలోని లోటుపాట్లు కూడా చూసే చెప్తున్నాను. ఫుట్‌పాత్‌లు చాలాచోట్ల పాత ఇటుకలవి. చెట్ల వేళ్ళు లేపేయడంతో ఒక్కోచోట నాలుగు వేళ్ళ ఎత్తున పొడుచుకొచ్చి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి అది నిజమైన ప్రమాదం, తల దించుకునే నడవాలి. ఇళ్ళకి ముందు ఐదారు మెట్లుంటాయి, పడకగదులన్నీ మేడ మీద. వందేళ్ళ ఇల్లంటే పైపులూ వైరింగూ పరీక్ష చేయించకుండా సంతకం పెట్టకూడదు. ఆస్తి పన్ను నగరంలో ప్రతి 100 డాలర్ల విలువకు 1.20 డాలర్లు, హెన్రైకోలో అంతకన్నా తక్కువ. చింతపండుకీ కరివేపాకుకీ వారానికోసారి కారు తియ్యాల్సిందే. బడి విషయంలో మాకూ టెన్షన్ ఉంది. పాప ఒకటో తరగతికి వచ్చేసరికి మళ్ళీ కూర్చుని ఆలోచించుకోవాలి.

నగరమంతా ఒకేలా ఉంటుందని కూడా అనుకోవద్దు. 2017 జూలైలో సైన్స్ మ్యూజియం ఆఫ్ వర్జీనియా వాళ్ళు ఊరంతా ఉష్ణోగ్రత కొలిస్తే, ఒకే సమయానికి ఒక చోటికీ ఇంకో చోటికీ 16 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా వచ్చింది. చెట్లున్న పేటలు చల్లన, తారూ సిమెంటూ మిగిలిన పేటలు వేడి. 1950లలో నల్లజాతి వాళ్ళ పేట జాక్సన్ వార్డ్‌ని చీల్చుకుంటూ హైవే వేశారు. ఆ పక్కన నడిస్తే నీడకీ నడకకీ ఉన్న సంబంధం ఒంటికే తెలుస్తుంది. అందుకని ఏ ఇల్లు చూసినా జూలై మధ్యాహ్నం రెండింటికి ఆ వీధిలో నీడ ఎటు పడుతుందో చూడండి.

మరి ఏది మేలు? బడికి వెళ్ళే పిల్లలు ఇద్దరుండి, ఇద్దరి ఆఫీసులూ పడమరవైపే ఉండి, ఇంట్లో పెద్దవాళ్ళ రాకపోకలు తక్కువైతే షార్ట్ పంప్ తీసుకోండి, సుఖంగా ఉంటారు. అయితే కమ్యూనిటీని ఎంచుకునేటప్పుడు కిచెన్ కౌంటర్‌టాప్ కన్నా ముందు, ఫుట్‌పాత్ ఎక్కడ ఆగిపోతుందో నడిచి చూడండి. కొట్టున్న వైపే, రోడ్డు దాటక్కర్లేకుండా ఉన్న ఇల్లు దొరికితే కొంచెం ఎక్కువైనా పెట్టండి. పెద్దవాళ్ళు నెలల తరబడి ఉండే ఇల్లయితే నా ఓటు మ్యూజియం డిస్ట్రిక్ట్‌కే. పన్ను ఎక్కువైనా, ఇటుకలు లేచినా సరే. ఆ ఐదు నెలలూ నాన్న దాదాపు ప్రతిదానికీ మా ఖాళీ కోసం ఎదురుచూశారు. అలా చూడటం నాకు చాలా కష్టంగా ఉండేది.

అమ్మకి మాత్రం క్లబ్‌హౌస్ స్నేహితులు దూరమవుతారు. అది తీర్చడానికి శనివారాలు వాళ్ళని ఇటు తీసుకొచ్చి మ్యూజియం తోటలో కూర్చోబెడదామని మా ఆయన అంటున్నారు. ఆ స్నేహితుల్లో ఇద్దరు అప్పుడే ఒప్పుకున్నారు కూడా.

కొనడం ఇప్పుడే కాదు. ఏడాదికి అద్దెకు తీసుకున్నాం, ఏప్రిల్‌లో అమ్మావాళ్ళు వచ్చేలోపు చేరిపోతాం. ముందున్న ఐదు మెట్లకి రెండువైపులా పట్టుకోవడానికి కమ్మీ పెట్టిస్తానని ఇంటావిడ మాటిచ్చింది. గేటు దగ్గర రెండు ఇటుకలు లేచి ఉన్నాయి. వాటిని సరిచేయమని నగరానికి ఫిర్యాదు పెట్టాను. ఎవరూ రాకపోతే ఏప్రిల్ లోపు ఇంటావిడనడిగి మేమే సరిచేసుకుంటాం.